పథ్యం వద్దు, అమ్మలూ

అనంతపురం



నీ మెసేజ్ విన్నాక ఫోన్లోనే జవాబు చెబుదామనుకున్నాను. కానీ నేను సగం చెప్పేలోపు మీ అమ్మ అందుకుంటుంది, ఆ తర్వాత మీ అత్తగారు అందుకుంటారు, చివరికి ఎవరి మాటా నీకు గుర్తుండదు. అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్లు పిల్లల డాక్టరుగా పనిచేసినదాన్ని, ఒక్క ఉత్తరం మేరకైనా నా మాట సాగనివ్వండి. బిడ్డ పుట్టాక నీకు చదివే తీరిక ఉండదు. ఇవి ఏడో నెలలో తెలుసుకోవాల్సిన సంగతులు.

మీ ఆయనకు చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉండేదనీ, ఇప్పటికీ మెల్‌బోర్న్ చలికి పిల్లికూతలు వస్తాయనీ చెప్పావు. నీ సంగతి నాకు తెలిసిందే. మా ఇంట్లో అటక మీది పుస్తకాలు దించితే చాలు, పొద్దంతా తుమ్ములే. అందుకని బిడ్డకు ఇవేవీ రాకూడదని పల్లీలు, గుడ్డు, పాలు, జీడిపప్పు మానేశావు. పెరుగన్నం కూడా అనుమానంగా చూస్తున్నావట. ముందు లేచి కడుపునిండా తిను. మిగతా ఉత్తరం తర్వాత చదువు.

కడుపుతో ఉన్న తల్లి నోరు కట్టుకుంటే బిడ్డకు అలర్జీ రాదని రుజువేమీ లేదు. పరిశోధనలు చేసి చూశారు, లాభం కనబడలేదు. పైగా తల్లి బరువు సరిగ్గా పెరగకపోవచ్చు. నష్టం అక్కడే. అయితే ఈ నమ్మకం మన బామ్మలు పుట్టించింది కాదు, డాక్టర్లే చెప్పారు. అలర్జీలున్న కుటుంబాల్లో గర్భిణులు పల్లీలు మానడం మంచిదని 1998లో బ్రిటన్ ఆరోగ్య శాఖ సలహా ఇచ్చింది. అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఏడాది దాకా పాలు, రెండేళ్ల దాకా గుడ్డు, మూడేళ్ల దాకా పల్లీలు పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పింది. తల్లులు బుద్ధిగా విన్నారు. అలర్జీలు మాత్రం తగ్గకపోగా పెరిగాయి. అమెరికా వాళ్లు 2008లో, బ్రిటన్ వాళ్లు 2009లో ఆ సలహాలను వెనక్కి తీసుకున్నారు. ఇచ్చినప్పుడు లోకమంతా పాకిన సలహా, వెనక్కి తీసుకున్నప్పుడు ఎవరి చెవినా పడలేదు. మీ అపార్ట్‌మెంట్లో స్నేహితురాళ్లు నీకు చెబుతున్నది ఆ పాత సలహానే.

ఆ తలకిందుల వ్యవహారం ఎలా బయటపడిందో చెప్పాలి, ఎందుకంటే నీకు కావలసిన కీలకం అందులోనే ఉంది. లండన్‌లో గిడియన్ లాక్ అనే పిల్లల అలర్జీ వైద్యుడున్నారు. 1990ల మొదట్లో బ్రిస్టల్ పరిసరాల్లో పుట్టిన వేల పిల్లల వివరాలను ఆయన బృందం పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రచురించింది. పల్లీల అలర్జీ వచ్చిన పిల్లల తల్లులు కడుపుతో ఉన్నప్పుడు పల్లీలు ఎక్కువ తిన్నారా అని చూస్తే, సంబంధమే కనబడలేదు. కనబడిందల్లా ఇంకొకటి. ఆ పిల్లల్లో చాలామందికి పసితనంలో చెమ్మ కారే దద్దు ఉండేది. దాని మీద వేరుశనగ నూనె కలిసిన క్రీములు పూసేవారు.

తర్వాత 2008లో ఆయనే ఇంకో పోలిక పెట్టారు. లండన్‌లో ఉండే యూదుల పిల్లల్లో పల్లీల అలర్జీ ఇజ్రాయెల్‌లోని యూదుల పిల్లలకన్నా సుమారు పది రెట్లు ఎక్కువ. వంశం ఒకటే, కాబట్టి తేడా ఎక్కడుందని వెతికితే తిండిలో దొరికింది. ఇజ్రాయెల్‌లో పళ్లు పూర్తిగా రాకముందే పిల్లల చేతికి బాంబా అనే పల్లీల చిరుతిండి ఇస్తారు, నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. లండన్ తల్లులేమో సలహా ప్రకారం ఏడాది దాటినా పల్లీ ముట్టనిచ్చేవారు కాదు. చివరికి పరీక్షించే చూద్దామని, బాగా ఎగ్జిమా ఉన్నవాళ్లనో, గుడ్డు పడనివాళ్లనో 640 మంది పసివాళ్లను తీసుకున్నారు. అందరూ నాలుగు నుంచి పదకొండు నెలల లోపువాళ్లు. సగం మందికి పల్లీలు పెడుతూ వచ్చారు, సగం మందికి పెట్టలేదు. అయిదేళ్లు వచ్చేసరికి పెట్టనివాళ్లలో నూటికి 17 మందికి అలర్జీ వచ్చింది. పెట్టినవాళ్లలో నూటికి ముగ్గురికే. 2015లో ఈ ఫలితం వచ్చినప్పుడు నా తరం డాక్టర్లం పాఠాలు మళ్లీ మొదటినుంచి చదువుకోవాల్సి వచ్చింది.

దీని వెనక కిటుకు ఇది. వీధి వాకిలి తట్టి వచ్చినవాణ్ణి చుట్టమంటాం, పెరటి గోడ దూకి వచ్చినవాణ్ణి దొంగంటాం. ఒంట్లోని రక్షణ వ్యవస్థ లెక్క కూడా అంతే. పల్లీ అయినా గుడ్డయినా నోటి దారిన కడుపులోకి వెళితే, ఇది తిండి అని ఒళ్లు నేర్చుకుంటుంది. అదే పదార్థం పగిలిన చర్మంలోంచి లోపలికి వెళితే శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇళ్లలో గాలిలో, దుప్పట్ల మీద, మన చేతుల మీద తిండి నలుసులు ఎప్పుడూ ఉంటాయి. చర్మం బాగున్న బిడ్డకు వాటితో చింత లేదు. ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఆ నలుసులు తగిలేసరికి నోటితో ఇంకా పరిచయం కాలేదనుకో, చిక్కు అక్కడ మొదలవుతుంది. మెల్‌బోర్న్‌లోనే అయిదు వేలమందికి పైగా ఏడాది పిల్లలను పరీక్షిస్తే, ఎగ్జిమా ఉన్నవాళ్లలో అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక తిండి పడలేదు. ఎగ్జిమా లేనివాళ్లలో ఇరవై అయిదుగురిలో ఒకరికే. చాలామంది అనుకునేది అలర్జీ వల్ల ఎగ్జిమా వస్తుందని. ఎక్కువసార్లు జరిగేది దానికి తలకిందులుగా, ముందు చర్మం చెడుతుంది, అలర్జీ దాని వెనక వస్తుంది.

చర్మం ఎందుకు చెడుతుందంటే, కొంత పుట్టుకతో వచ్చేది. చర్మం పై పొరను గట్టిగా, తడి ఆరకుండా ఉంచే ఫిలాగ్రిన్ అనే పదార్థం ఒకటుంది. దాని జన్యువులో లోపాలున్నవాళ్లకు ఎగ్జిమా ఎక్కువ వస్తుందని 2006లో స్కాట్లండ్, ఐర్లండ్ పరిశోధకులు కనిపెట్టారు. అల్లుడి చర్మం గుణం బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు. తల్లిదండ్రులిద్దరికీ ఈ తత్వం ఉంటే అవకాశం ఎక్కువ, అంతవరకే. నీ బిడ్డ బుగ్గలు కందితే నువ్వు తిన్న వంకాయనూ, గోంగూరనూ, వేడి చేసిందనే మాటనూ ఎవరూ సాక్ష్యానికి లాగకుండా చూసుకో. మన ఇళ్లలో పసిబిడ్డ ఒంటిమీద మచ్చ కనబడితే తల్లి కంచం వైపు చూస్తారు. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా విసిగించింది ఆ చూపే.

ఇక మీ అమ్మ సూట్‌కేసు. కాన్పుకు వస్తూ ఆమె ఏమేం సర్దుతోందో నాకు తెలుసు, జాబితా నాకూ చదివి వినిపించింది. సున్నిపిండి, గానుగ నువ్వుల నూనె, ఆముదం, సాంబ్రాణి. అక్కడి ఎయిర్‌పోర్టులో ఆపి సగం తీసేస్తే ఆ పుణ్యం వాళ్లకే దక్కుగాక. మర్దన మంచిదే, నేను కాదనను. బిడ్డ హాయిగా నిద్రపోతుంది, అమ్మమ్మకు పసిబిడ్డతో గడిపినట్టుంటుంది. కానీ నువ్వుల నూనె, వేరుశనగ నూనె పసి ఒంటికి వద్దు. గానుగలో ఆడించిన నూనెల్లో గింజలోని మాంసకృత్తులు ఎక్కువ మిగులుతాయి. ఆలివ్ నూనె మీ దగ్గర అందరూ పొగుడుతారు గానీ, షెఫీల్డ్‌లో 2013లో పరీక్షిస్తే పెద్దవాళ్ల చర్మపు పై పొరనే అది దెబ్బతీసింది. తప్పదంటే పొద్దుతిరుగుడు నూనె, లేదా కొబ్బరినూనె, అదీ చర్మం శుభ్రంగా ఉన్నంతవరకే. సున్నిపిండి అసలు వద్దు. పెసలూ శనగలూ కూడా మాంసకృత్తులున్నవే, శనగలు పడనివాళ్లు మన దేశంలో ఉన్నారు. గరుకు పిండితో పసి చర్మం రుద్ది, ఆ పొడిని గీతల్లోకి ఎక్కించడం పెరటి గోడకు నిచ్చెన వేయడమే. సాంబ్రాణి పొగ అల్లుడి ఊపిరితిత్తులకూ మంచిది కాదు, బిడ్డకు అసలే కాదు. మీ అమ్మ అలిగితే, ఇదంతా నేను రాశానని చెప్పు. నాతో పోట్లాడుకుంటుంది, నాకు అలవాటే.

అలాగని పుట్టిన రోజు నుంచే ఖరీదైన క్రీములు పూస్తే ఎగ్జిమా రాదని అక్కడి దుకాణాలు చెప్పే మాట కూడా నమ్మకు. బ్రిటన్‌లో 1,394 మంది పిల్లల మీద ఏడాదిపాటు చూశారు, 2020లో ఫలితం వచ్చింది, తేడా లేదు. అదే ఏడాది నార్వే, స్వీడన్ వాళ్లదీ అదే కథ. ప్రోబయోటిక్ గుళికల సంగతీ అడిగావు. 2001లో ఫిన్లండ్ నుంచి మంచి ఫలితమొకటి వచ్చింది. తర్వాత చేసినవన్నీ ఒక్క మాట మీద లేవు. ఆ డబ్బుతో పళ్లు కొనుక్కో.

ఎగ్జిమాను గుర్తుపట్టడం నీకు తెలియాలి, ఎందుకంటే మన రంగు ఒంటి మీద అది పుస్తకాల్లో బొమ్మల్లా ఎర్రగా కనబడదు. ముదురు గోధుమ రంగుగానో, బూడిదరంగుగానో, ఊదాగానో ఉంటుంది. చేత్తో తడిమితే గరుకుగా, చిన్న చిన్న పొక్కుల్లా తగులుతుంది. ఎరుపు కోసం చూసే కంటికి ఇది తేలిక రకంగా కనబడి దాటిపోతుంది. అక్కడి నర్సు చామనఛాయ పిల్లలను ఎక్కువ చూసి ఉండకపోతే నువ్వే గట్టిగా చెప్పాలి. సాధారణంగా రెండు మూడు నెలల నుంచి ఆరు నెలల మధ్య బుగ్గల మీద, నుదుటి మీద, చేతుల కాళ్ల బయటి వైపున మొదలవుతుంది. డైపర్ కట్టే చోట అంతగా రాదు. దురద ముఖ్య లక్షణం. పసిబిడ్డ గోక్కోలేక చెంపను దిండుకు రాస్తుంది, నిద్రలో నసుగుతుంది. చెమటకాయలైతే వేసవిలో, మెడ మడతల్లో వచ్చి చల్లబరిస్తే పోతాయి. ఎగ్జిమా పోయి మళ్లీ వస్తూ ఉంటుంది.

వచ్చిందనుకో, అప్పుడు మాయిశ్చరైజర్ మందు. వాసన లేనిది, మందంగా ఉండేది, రోజుకు రెండుసార్లకు తక్కువ కాకుండా. స్నానం గోరువెచ్చని నీళ్లతో అయిదు పది నిమిషాలు, సబ్బు లేకుండా. తుడిచీ తుడవకుండా తడిమీదే పూయాలి. మన కాగిన నీళ్ల స్నానం ఈ చర్మానికి పనికిరాదు. మీ ఊళ్లో చలికాలం హీటర్లు గాలిని ఎండబెడతాయి, రాత్రి తగ్గించండి. గోళ్లు కత్తిరించు, ఉన్ని బట్ట నేరుగా ఒంటికి తగలనివ్వకు.

మంట పెరిగితే డాక్టరు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తారు. ఆ పేరు వినగానే ఇంట్లో అందరూ గుండెలు బాదుకుంటారు. వాళ్ల భయం ఉత్తదే అని నేను కొట్టిపారెయ్యను. మన దగ్గర మందుల షాపుల్లో చీటీ లేకుండా గాఢమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ కలిపిన ట్యూబులు అమ్ముతారు. వాటిని నెలల తరబడి పూసి చర్మం పలచబడి చారలు పడ్డ పిల్లలను నేను చూశాను. కానీ బిడ్డ వయసుకు, పూసే చోటుకు తగిన బలం ఉన్న మందు, చెప్పినన్ని రోజులు పూయడం వేరు. భయంతో చిటికెడు పూసి ఆపేస్తే మంట సగం ఆరి మళ్లీ రేగుతుంది, బిడ్డకు మొత్తమ్మీద ఎక్కువ మందు పడుతుంది. కొలత సులువు. పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా వచ్చిన మందు సుమారు అర గ్రాము, వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మానిన చోట తెల్ల మచ్చలు కనబడితే మందు వల్లనేనని ఎవరో ఒకరు అంటారు. మన రంగు ఒంటిమీద మంట చల్లారాక మచ్చ తేలడం, నల్లబడడం మామూలే, నెలల్లో కలిసిపోతుంది. పసుపు పచ్చని పక్కులు కట్టి చీము కారితే ఆ రోజే చూపించు. జ్వరంతోపాటు గుంటలు పడ్డట్టుండే పుండ్లు గుంపుగా వస్తే రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. పెదవి మీద జ్వరపు పొక్కులున్న చుట్టాలు బిడ్డను ముద్దుపెట్టుకోకూడదు, వాళ్లెంత పెద్దవాళ్లయినా సరే.

ఎగ్జిమా కనబడగానే అలర్జీ పరీక్షల కోసం పరుగెత్తకు. రక్తంలోనో చర్మం మీదో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడనట్టు కాదు. కర్ణాటకలో పెద్దవాళ్లను పరీక్షిస్తే నూటికి 26 మందికి ఏదో ఒక తిండికి పాజిటివ్ వచ్చింది. నిజంగా అలర్జీ ఉండవచ్చని తేలింది నూటికి ఒక్కరికి కాస్త ఎక్కువ. ఆ కాగితం పట్టుకుని బిడ్డకు పాలు, గోధుమ, గుడ్డు అన్నీ మాన్పించేస్తే రెండు నష్టాలు. ఎదుగుదల దెబ్బతింటుంది, తింటున్నదాన్ని ఆపడం వల్ల కొత్తగా అలర్జీ పుట్టవచ్చు. బాలింతగా నీకూ ఇదే వర్తిస్తుంది. పాలిచ్చే తల్లి ఏదైనా మానాలంటే డాక్టరు కారణం చూపించి, గడువు పెట్టి చెప్పాలి.

తినిపించడం గురించి. మొదటి ఆరు నెలలూ నీ పాలు. ఆరో నెల దగ్గరపడ్డాక, నాలుగు నెలలకు ముందు మాత్రం కాదు, మెత్తటి తిండితోపాటు ఇవీ మొదలుపెట్టాలి. బాగా ఎగ్జిమా ఉంటే ఎప్పుడు, ఎలా అన్నది ముందే డాక్టరుతో మాట్లాడుకో, ఆ పిల్లలకు తొందరగా మొదలుపెట్టడమే ఎక్కువ అవసరం. పల్లీ గింజగా ఎన్నడూ ఇవ్వకు, గొంతులో అడ్డం పడుతుంది, అయిదేళ్ల దాకా అదే నియమం. మన పల్లీల పొడిని కారం, ఉప్పు లేకుండా మెత్తగా చేసి ఉగ్గులో కలుపు, లేదా పీనట్ బటర్‌ను వేడినీళ్లతో పలచన చెయ్. మొదట పావు చెంచా, బిడ్డ హుషారుగా ఉన్న పగటిపూట. అలా పెంచుతూ పోయి, పడిందని తేలాక వారానికి రెండుసార్లయినా పెడుతూ ఉండాలి. ఒక్కసారి పెట్టి, పడింది కదా అని వదిలేస్తే లాభం లేదు. గుడ్డు బాగా ఉడికింది మాత్రమే. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పసివాళ్లకు చర్మాన్ని మందుతో అదుపులో పెట్టి, ఆరు నెలల నుంచి ఉడికిన గుడ్డు పొడి కొద్దికొద్దిగా పెడితే ఏడాదికి గుడ్డు అలర్జీ నూటికి 38 నుంచి 8కి తగ్గింది. మీ అత్తగారింట్లో గుడ్డు వండరని తెలుసు. ఆ విషయం మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి, నేను మధ్యలోకి రాను. నువ్వులు, జీడిపప్పు పొడులుగా, ఒకరోజు ఒక్కటే కొత్తది. అన్నప్రాసన రోజు పాయసంలో పాలు, జీడిపప్పు ఒకేసారి కొత్తగా తగలకుండా, వాటి రుచి ముందే చూపించి ఉంచు. పడుతుందో లేదోనని ఏ తిండినీ బుగ్గకు రాసి చూడకు. టమాటా, పుల్లని పళ్లు తగిలి నోటి చుట్టూ కందితే అది రాపిడే ఎక్కువసార్లు. తినిపించే ముందు మూతి చుట్టూ కాస్త వాజలీన్ రాయి.

నిజంగా అలర్జీ అయితే సాధారణంగా తిన్న నిమిషాల్లోనో, రెండు గంటల లోపో తెలుస్తుంది. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి. ఊపిరి అందకపోయినా, గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వచ్చినా, బిడ్డ పాలిపోయి వేలాడినట్టయినా అక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చెయ్యాలి. బిడ్డను నిలువుగా ఎత్తుకుని తిరగకుండా చేతుల్లో అడ్డంగా పడుకోబెట్టుకోవాలి. ఇది మీ ఆయనకూ, మీ అమ్మకూ నేర్పించు.

ఇదంతా నీకే ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నువ్వున్న ఊరు అలాంటిది. అక్కడ ఏడాది పిల్లల్లో నూటికి పదిమందికి పైగా తిండి అలర్జీ ఉందని 2011లో లెక్క తేల్చారు. ఆసియాలో పుట్టి అక్కడికి వచ్చిన పిల్లలకన్నా, ఆసియా తల్లిదండ్రులకు అక్కడే పుట్టిన పిల్లల్లో గింజల అలర్జీ ఎక్కువ. అనంతపురంలో మాకెవరికీ లేదు కదా అని మీ అమ్మ అనే మాట నీ బిడ్డకు వర్తించదు. అలాగని వణకాల్సిన పనీ లేదు. ఎగ్జిమా వచ్చిన పిల్లల్లో చాలామందికి బడి వయసు వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. పాలు, గుడ్డు అలర్జీలు కూడా ఎక్కువమందిలో పోతాయి. పల్లీలదే మొండిది, అందుకే దాని విషయంలో ముందే మేలుకోమంటున్నాను.

వచ్చే చెకప్‌కు వెళ్లినప్పుడు అల్లుడి ఎగ్జిమా, పిల్లికూతలు, నీ తుమ్ములు అన్నీ ఫైల్లో రాయించు. మెటర్నల్ అండ్ చైల్డ్ హెల్త్ నర్సు ఇంటికొచ్చే మొదటి రోజే వాటి గురించి చెప్పు. ఈ ఉత్తరం మీ ఆయన చేత కూడా చదివించు. బిడ్డకు మందు పూసేది, పల్లీల పొడి కలిపేది నువ్వొక్కదానివే అయితే నేనొప్పుకోను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ